పదకొండు రోజుల తేట నీళ్లు

పన్నెండేళ్లుగా ఒక మాట నా గొంతు కింద కూర్చుని ఉంది. అన్నం తింటే దాని పక్క నుంచే దిగుతుంది. నవ్వితే దాన్ని దాటుకునే నవ్వు బయటికి వస్తుంది. మా వాడలో కథలు చెప్పేది నేనే. ఎవరి పెళ్లి ఏ వారం అయింది, ఏ ఏడు ఎవరి బర్రె ఈనింది, ఏ వానకు చెరువు మత్తడి దూకింది, అన్నీ నన్నే అడుగుతారు. ఇన్ని గుర్తున్నదాన్ని ఒక్క సంగతి మాత్రం మరిచిపోయినట్టు బతికాను. మరిచిపోయానా? ఒక్క రోజు కూడా లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఐదో తరగతి వరకే చదివాను. అక్షరాలు వంకరపోతే దిద్దుకుని చదువుకోండి.

మాది గొల్లపల్లి నుంచి లోపలికి పోయే ఊళ్లలో ఒకటి. పేరు వద్దు. ఊరికి పడమర ఒక చిన్న చెరువు. దానికి మట్టికట్ట, ఒక తూము, నిండితే నీళ్లు పొర్లిపోయే ఒక మత్తడి. ఆ చెరువు నీళ్లను చూసుకునే మనిషిని మేము నీరటి అంటాం. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారించాలి, కట్టకు ఎక్కడ ఎలుక బొక్క పెట్టింది, అంతా ఆయన పని. మా నీరటి ఓదెలు. ఆయన తాత నీరటి, తండ్రి నీరటి. నాకంటే పాతికేళ్లు పెద్దవాడు. నన్ను చెల్లె అనేవాడు, నేను ఓదన్నా అనేదాన్ని. రక్త సంబంధం కాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, మా ఆయన మస్కట్ పోయి ఇంట్లో మగదిక్కు లేని రోజుల్లో, నా మడికి నీళ్లు తగ్గకుండా చూసింది ఆయనే. అడగకుండానే చూశాడు. అక్కడ మొదలైంది ఆ వరుస.

నా పొలం సరిగ్గా కట్ట కింద, తూముకు ఆనుకుని. అక్కడ కట్ట అడుగున ఒక చోట ఎప్పుడూ తడిగా ఉండేది. నీళ్లు సన్నగా ఊరేవి. కాపురానికి వచ్చిన కొత్తలో చూసి భయపడ్డాను. ఓదన్న నవ్వాడు.

"కట్టకు చెమట పట్టిందే చెల్లె, గంతే. మట్టికట్ట అన్నంక ఊట ఉంటది. నీళ్లు తేటగ వస్తే బెంగ లేదు. మడ్డిగ వచ్చిందనుకో, లోపల నీళ్లు మన్ను తింటున్నయన్నట్టు. గప్పుడు నేను ఎవ్వల్ని అడుగ. తూము ఎత్తి చెరువు సగానికి దించుత. తర్వాత తిట్టుకుంటే తిట్టుకోనీ."

ఆ ఊటలో ఆయన ఒక పైపు ముక్క గుచ్చి పెట్టాడు. దాని కింద సీసా పెడితే నీళ్లు నిండుతాయి. తొక్కు పెట్టుకునే పాత గాజు సీసా. పొద్దున్నే పట్టి కట్ట మీద రాయి పక్కన పెడితే, రెండు మూడు గంటల్లో మడ్డి ఏమైనా ఉంటే అడుగుకు దిగుతుంది. ఆయనకు పక్క ఊరి కుంట కూడా చూసుకోవాల్సి ఉండేది. మోకాలి నొప్పి, కట్ట జారుడు. దిగి ఎక్కడం కష్టమయ్యేది. నేను ఎలాగూ తెల్లారకముందే పొలంలో ఉంటాను కదా. "నువ్వు పట్టి పెట్టు చెల్లె, నేను వచ్చి సూస్త" అన్నాడు. అలా ఐదేళ్లు పట్టి పెట్టాను. ఎండకాలం చెరువు ఎండితే తప్ప ఒక్క రోజు మానలేదు. పొద్దెక్కాక ఆయన కట్ట మీద నడుచుకుంటూ వచ్చేవాడు. సీసా ఎత్తి ఎండకు పట్టి చూసేవాడు. తల ఊపి, నీళ్లు పారబోసి, సీసా బోర్లించి పోయేవాడు. నేను కింద కలుపు తీస్తూ ఆ తల ఊపు కోసం చూసేదాన్ని. ఊరంతటి పనిలో నాకూ ఒక పాలు ఉందని లోపల్లోపల గర్వంగా ఉండేది.

ఆ ఏడు యాసంగికి, అంటే ఎండకాలపు పంటకు, కాలువ నీళ్లు వదిలి మా చెరువును అంచు వరకు నింపారు. అన్ని నీళ్లు నేను అంతకు ముందు చూడలేదు. ఊరంతా వరి వేసింది. అప్పుడే మా ఆయన మూడు నెలల సెలవు మీద వచ్చాడు. మా బిడ్డకు ఆరేళ్లు. తండ్రిని చూసి మొదటి మూడు రోజులు తలుపు చాటుకు పోయేది, నాలుగో రోజు ఆయన భుజం దిగలేదు. ఒక సాయంత్రం గట్టు మీద కూర్చుని, పచ్చగా ఊగుతున్న మడిని చూస్తూ ఆయన అన్నాడు: "ఈ పంట ఇంటికొస్తే సాలు. ఇగ మస్కట్ మొఖం సూడ. ఈన్నే ఉంట."

ఈ మాట మీకు మామూలుగా అనిపించవచ్చు. మా వైపు సగం ఇళ్లలో మగవాళ్లు ఫోన్లోనే ఉంటారు. అప్పటికి నా పెళ్లై తొమ్మిదేళ్లు. అందులో మేమిద్దరం ఒక కప్పు కింద ఉన్న రోజులు లెక్కపెట్టుకుంటే ఏడాది కూడా కాదు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఆ వరి వరిలా కనపడలేదు. అది ఇంటికొస్తే మనిషి ఉంటాడు. రాకపోతే పోతాడు. అంతే లెక్క. మడిలో ఒక్క తాలు కంకి కూడా ఉండకూడదని రోజూ మొక్కుకున్నాను.

శివరాత్రి ఉపవాసం ఉన్నాను. తెల్లారి పొలానికి పోయి సీసా పట్టాను. రాయి పక్కన పెట్టి కలుపుకు దిగాను. కాసేపటికి ఎందుకో పైకెక్కి చూశాను. అడుగున గోరంత మందం మన్ను.

ఎండ్రకాయ కదిలించి ఉంటుంది అనుకున్నాను. నా కాలే తగిలి ఉంటుంది అనుకున్నాను. పారబోసి మళ్లీ పట్టాను. మళ్లీ మన్ను. అప్పటికే కట్ట మీద దూరంగా ఓదన్న తలపాగా కనిపిస్తోంది. వరి పొట్ట మీద ఉంది. ఇప్పుడు తూము ఎత్తి చెరువు దించితే ఇంకో ఇరవై రోజులకు చుక్క మిగలదు. కంకి బయటికి వచ్చినా తాలే. ఇదంతా నేను ఆలోచించానా, లేక చేతులే ముందు కదిలాయా? పన్నెండేళ్ల నుంచి నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఆలోచించలేదు అని చెప్పుకుంటే సులువుగా ఉంటుంది. కానీ చేతులు కదలడానికి ముందు నేను ఒకసారి వెనక్కి తిరిగి ఎవరైనా చూస్తున్నారా అని చూశాను. అది గుర్తుంది. చూసిన మనిషి ఆలోచించిన మనిషే.

ఇంటి నుంచి తాగడానికి తెచ్చుకున్న నీళ్లు సీసాలో పోశాను.

ఓదన్న వచ్చాడు. ఎండకు పట్టి చూశాడు. "అద్దం లెక్కున్నయ్ నీళ్లు" అన్నాడు. తల ఊపి పోయాడు.

రెండో రోజు నుంచి ఇంటి నుంచి రెండు సీసాల నీళ్లు తీసుకుపోయాను. ఒకటి తాగడానికి. ఊట దగ్గరికి పోవడం కూడా మానేశాను. చూడకపోతే లేదు అనుకోవచ్చు కదా. కానీ ఐదో రోజో ఆరో రోజో ఆ తడి దాటాల్సి వచ్చింది. కాలు చీలమండ దాకా దిగింది. పైపు లోంచి ఎర్రగా వస్తున్నాయి నీళ్లు, సన్నగా కాదు, వేలు లావున. ఆ రోజైనా చెప్పాల్సింది. ఇంకొక్క వారం, పాలు పోసుకుంటే చాలు, తర్వాత నేనే చెప్తాను అనుకున్నాను. ఎవరికి మాట ఇచ్చాను అది? కట్టకా?

పదకొండో రోజు కట్ట తెగింది.

వాన లేదు, మబ్బు లేదు. ఎండ ఫెళ్లున కాస్తోంది. అందరూ అన్నాలకు ఇళ్లకు పోయిన వేళ. పడమర నుంచి లారీలోంచి కంకర దింపినట్టు చప్పుడు వచ్చింది. పరుగెత్తి పోయేసరికి కట్ట నడుమ ఇల్లంత గండి. దాని ముందు నా మడి లేదు. మడి ఉన్న చోట ఎర్ర నీళ్లు సుడి తిరుగుతున్నాయి. పొద్దు వాలేసరికి చెరువు బురద. కింద అరవై ఎకరాల వరి మీద ఇసుక మేట. ప్రాణాలు పోలేదు, అది ఒక్కటే. ఒకాయన గొర్రెపిల్లలు కొట్టుకుపోయాయి. పక్క ఊరి కుంట నుంచి ఓదన్న కుంటుకుంటూ పరుగున వచ్చాడు. నీళ్లన్నీ పోయాక, ఇక ఎత్తి ఏం లాభం లేని తూమును ఎత్తి, ఆ బురదలో అలాగే నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు.

మా ఆయన ఆ సమయానికి వరికి మందు సంచులు తెస్తానని కోరుట్లకు పోయి ఉన్నాడు.

మరుసటి రోజు పంచాయతీ దగ్గర అందరూ కూడారు. ఎవరో ఇంజినీరు సారు వచ్చాడు. కట్ట ఒక్కరోజులో తెగదు, ముందే ఊట మారి ఉండాలి, ఎవరూ చూడలేదా అని అడిగాడు. ఓదన్న ముందుకొచ్చాడు.

"నేను రోజు సూసిన సారూ. రోజు సీసా పట్టి సూసిన. నీళ్లు తేటగనే ఉన్నయి."

చెరువు సంఘం పెద్ద గంగారాం. నాకు మామ వరుస. ఆయన పొలమూ పోయింది. "మా ఓదెలు సీసా గట్టిగనే సూస్తడు సారూ" అన్నాడు. "కాకపోతే అండ్ల కల్లుంటది." అంత దుఃఖంలోనూ జనం నవ్వారు. ఓదన్న కల్లు ముట్టడని అందరికీ తెలుసు. అయినా నవ్వారు.

ఆయన వాళ్ల వైపు చూడలేదు. ఆడవాళ్లలో నన్ను వెతికాడు.

"చెల్లె, జెప్పు. రోజు నువ్వే గదా పట్టి పెట్టినవ్. నీళ్లు ఎట్లుండె?"

అందరూ నా వైపు తిరిగారు. మా ఆయన నా పక్కనే ఉన్నాడు. బిడ్డ చెయ్యి నా చేతిలో ఉంది.

"నాకేం ఎరుక అన్నా" అన్నాను. "ఎప్పుడన్న ఒకనాడు పట్టిన. రోజు నేనెందుకు పడుత?"

గంగారాం మామ తొడ చరిచాడు. "ఇగ సూడుండ్రి! ఆడిమనిషి మీద ఏసి తప్పించుకుందామని సూసిండు."

ఓదన్న నన్ను చూశాడు. కోపంగా చూస్తే బాగుండేది. ఎవరో తెలిసిన మనిషిని చూసి, కాదు, ఈమె వేరే అని అనుమానపడ్డట్టు చూశాడు. ఆ తర్వాత తల దించి అన్నాడు: "గట్లనే కావచ్చు. నాకే సరిగ కనబడలేదేమో."

ఇదీ నా తప్పు. రెండు తప్పులు. మొదటిది నీళ్లు మార్చడం. ఆశ పడి చేశాను అని దానికి ఒక పేరు పెట్టుకోవచ్చు. రెండోదానికి పేరు లేదు. అప్పటికి వరి పోయింది. కాపాడుకోవడానికి నా ఒంటి మీది మర్యాద తప్ప ఏమీ మిగల్లేదు. దాని కోసం ఆయన్ను అమ్మాను.

నీరటి పని ఆయన నుంచి తీసేశారు. మూడు తరాల పని పావుగంటలో పోయింది. కల్లాల దగ్గర ఆయనకు ఇచ్చే వడ్లు ఆగాయి. బావి దగ్గర ఆయన భార్యతో ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నెల తిరగకముందే సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో ఉన్న కొడుకు దగ్గరికి పోయారు. పోయే రోజు ట్రాలీ ఆటో మా ఇంటి ముందు నుంచే పోయింది. నేను తలుపు వెనక నిలబడ్డాను, బిడ్డ తండ్రిని చూసి నిలబడ్డట్టు.

ఇక మా ఆయన సంగతి. కట్ట తెగిన నాలుగో రోజు. ఆయన స్నానానికి పోయాడు, ఫోన్ మోగింది, ఎత్తాను. కోరుట్ల ఏజెంటు. "వదినా, అన్నకు జెప్పుండ్రి, టికెట్ ఖాయమైంది. పాస్‌పోర్టు ఇచ్చి రెండు నెలలాయె, అన్న రోజు వచ్చి అడిగిపోవట్టె" అన్నాడు. రెండు నెలలు. అంటే ఊరికి వచ్చిన వారంలోనే ఇచ్చేశాడు. గట్టు మీద కూర్చుని ఆ మాట అన్న రోజుకు పాస్‌పోర్టు ఏజెంటు బీరువాలో ఉంది. పంట ఇంటికొచ్చినా రాకపోయినా పోయేవాడే. అడిగితే తువ్వాలతో తల తుడుచుకుంటూ, "నువ్వు సంబురపడుతవని అన్నగని, ఈడ ఏమున్నదే?" అన్నాడు.

లేని మాట కోసం నేను ఉన్న మనిషిని ముంచాను.

చాలా ఏళ్లు దీన్నే అడ్డం పెట్టుకున్నాను. నన్నూ మోసం చేశారు కదా, నా తప్పు సగమే కదా అని. మా ఆయన మీద కోపం వచ్చినప్పుడల్లా ఓదన్న గుర్తుకు రాకుండా ఉండేవాడు. అందుకే కోపం ఆరనివ్వలేదు. ఇప్పుడు తెలుస్తోంది, మోసపోయినంత మాత్రాన చేసిన మోసం చిన్నది కాదు. మా ఆయన నాకు అబద్ధం చెప్పాడు. సీసాలో నీళ్లు పొయ్యమని చెప్పలేదు.

కట్ట మళ్లీ కట్టారు. చెరువు మళ్లీ నిండింది. నీరటి అంటూ ఎవరినీ పెట్టలేదు, సంఘం కుర్రాళ్లే తూము చూసుకుంటున్నారు. ఈ యాసంగిలో కొత్త కట్ట కింద, నా మడికి ఇంకో పక్క, తడి కనిపించింది. గ్లాసులో పట్టి ఎండకు పెట్టాను. మడ్డి. ఈసారి పరుగెత్తాను. గంగారాం మామ ఇంటికి పోయి, తూము ఎత్తేదాకా కదలనని వాకిట్లో కూర్చున్నాను. ఎత్తారు. నీళ్లు దించి చూస్తే కట్ట లోపల చెయ్యి పట్టేంత సొరంగం. మన్ను పోసి, తొక్కించి, పూడ్చారు. సగం పంట పోయింది. కట్ట నిలిచింది.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. "ఏం కోడలా, ఇంజినీరు సదివినవా ఏంది? గివన్ని ఎవ్వలు నేర్పిండ్రు నీకు?" అన్నాడు మామ.

"ఓదన్న" అన్నాను.

"ఎవ్వలు, గా గుడ్డి ఓదెలా!" అని నవ్వాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్లు నవ్వారు. వాళ్లలో సగం మంది కట్ట తెగినప్పుడు బడికి పోయే పిల్లలు. వాళ్లకు ఆయన ముఖం గుర్తు లేదు, ఆ పేరు ఒక్కటే తెలుసు. నేను కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వినట్టు నిలబడ్డాను. ఇంటికి వచ్చాక అన్నం దిగలేదు.

పోయిన వారం జగిత్యాలలో బస్సెక్కి సిరిసిల్లలో దిగాను. అక్కడి నుంచి ఆటోలో తంగళ్ళపల్లి. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. మా ఆయన చెప్పిన మాట, బిడ్డ, పొట్ట మీది వరి, అన్నీ ఒక వరుసలో పెట్టుకున్నాను. కథలు చెప్పేదాన్ని కదా.

ఓదన్న మరమగ్గాల షెడ్డులో దారం కండెలు చుడుతున్నాడు. వాళ్లు ఆ మగ్గాలను సాంచాలు అంటారు. ఇరవై సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే నేల అదురుతోంది. జుట్టు మొత్తం తెల్లబడింది, మందం అద్దాలు వచ్చాయి. నన్ను గుర్తుపట్టి లేవబోయాడు. "చెల్లె! గింత దూరం వచ్చినవేందే? బిడ్డ మంచిగున్నదా?" మోకాలు పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు.

ఆయన పక్కన కూర్చుని చెప్పాను. వినపడలేదు.

"ఆ? ఏమన్నవ్? సాంచాల సప్పుడుకు ఇనబడ్తలేదు, గట్టిగ జెప్పు."

పన్నెండేళ్లు దాచిన మాటను అరిచి చెప్పాల్సి వచ్చింది. "సీసల నీళ్లు నేనే మార్చిన అన్నా! ఊట మడ్డిగ వచ్చింది! నేను తాగే నీళ్లు పోసి పెట్టిన!" పక్క సాంచా దగ్గరున్న ఇద్దరు తిరిగి చూశారు.

ఆయన చేతిలో దారం తెగింది. ముడి వేయలేదు. చాలాసేపు ఆ కొసను వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"ఏ దినం నుంచి?"

"శివరాత్రి తెల్లారి నుంచి."

వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "పదకొండు దినాలు" అన్నాడు. "వారం సాలు చెల్లె. వారంల సగానికి దించుదును." తర్వాత నాతో కాదు, తనతోనే అన్నట్టు, "అయితే అప్పుడు నా కండ్లకు ఏం గాలె" అన్నాడు.

ఎందుకు చేశావు అని అడగలేదు. నేను కూర్చుకున్న జవాబు నా దగ్గరే ఉండిపోయింది. నాలుక చివర దాకా వచ్చింది. అడగని మనిషికి కారణం చెప్పడం అంటే క్షమించమని చెయ్యి చాపడమే అనిపించి ఊరుకున్నాను. ఆయన దారం ముడి వేసుకుని మళ్లీ కండె తిప్పడం మొదలుపెట్టాడు. ఉండు అనలేదు. పో అనలేదు. కొంతసేపు చూసి లేచి వచ్చాను.

ఆయనకు చెప్పాను, మరి మీకెందుకు చెప్తున్నాను? ఆయన్ను తప్పుబట్టింది ఊరు. ఊరి ముందు అబద్ధమాడి, నిజాన్ని షెడ్డులో, చప్పుడులో, ఆయన ఒక్కడి చెవిలో వేసి వస్తే సరిపోతుందా? పంచాయతీ ముందు నిలబడి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలియదు. రాసే ధైర్యం వరకు వచ్చింది. ఇది ఎవరి చేతుల్లోనో పడి, తిరిగి తిరిగి మా ఊరికి చేరితే చేరనివ్వండి. కట్ట పక్క పొలం ఎవరిదో వాళ్లకు తెలుసు.

ఈ కాగితం మీద చెయ్యి ఆగి ఆగి నడిచింది. మూడు రోజులు పట్టింది. ఒంట్లో బరువు దిగిందని చెప్పను. కానీ ఊపిరి తీసుకుంటే ఈ రోజు కింది దాకా పోతోంది, అంతవరకు నిజం.

శివరాత్రి తెల్లారి నుంచి కట్ట తెగే దాకా ఊట మడ్డిగానే వచ్చింది. ఆ సంగతి ఊరిలో ఒక్క మనిషికి తెలుసు. ఆ మనిషి ఓదెలు కాదు. నేను.